మత్తువైద్యునికి ముందు చెప్పవలసిన మాట



చిట్టా ఎత్తివ్రాయు గుమాస్తా యెప్పుడో ఒక అంకెను మార్చివేయును గదా! తరమునుండి తరమునకు జన్యువులు నకలగునపుడును అట్లే జరుగును. దీనిని ఉత్పరివర్తన మందురు. మేలైన మార్పులే నిలుచునని మనము తలంతుము. అణుస్థాయిలో నిలిచిన మార్పులలో పెక్కు మేలు కీడు లేనివనియు, కేవలము యాదృచ్ఛికముగా వ్యాపించినవనియు జపాను శాస్త్రజ్ఞుడు మోతో కిమూరా 1968లో ప్రతిపాదించెను. మూలకుటుంబములు కొద్దియైనచో ఈ యాదృచ్ఛికతకు బలము హెచ్చు. ప్రతులు నాలుగే మిగిలినచో వానిలోని తప్పే తరువాతివారికి పాఠమగును.

ఆంధ్ర వైశ్యులమగు మనమే ఇందులకు నిదర్శనము. మన మూలకుటుంబములు కొద్దియేననియు, నూరు తరములకు పైగా మనలో మనమే వియ్యమందితిమనియు 2009లో పరిశోధకులు తేల్చిరి. మనలో కొందరికి బ్యుటైరిల్ కోలినెస్టరేజ్ అను ఎంజైము లోపించును. దాని 307వ స్థానమున ల్యూసీన్‌కు బదులు ప్రోలీన్ చేరుట యొక కారణము. నిత్యజీవితమున దీనివలన బాధ యేమియు లేదు. 1951 ప్రాంతమున శస్త్రచికిత్సలలో సక్సినిల్‌కోలిన్ వాడుకకు వచ్చిన పిదపనే చిక్కు బయటపడెను. కండరములను సడలించు ఆ మందు ఇతరులలో నిమిషములలో తీరును. వీరిలో గంటలకొలది నిలిచి ఊపిరి తీయనీయదు. యంత్రముతో శ్వాస నడిపించినచో తేరుకొందురు.

పెండ్లిసంబంధములు చెడునని ఈ సంగతిని దాచు ఇండ్లను నేనెరుగుదును. దాచవలసిన దోషము కాదిది. ఇంట నొకరికి లోపము తేలినచో తోబుట్టువులును రక్తపరీక్ష చేయించుకొనుడు. చీటీపై వ్రాసి జేబులో నుంచుకొని, ఆపరేషనుకు ముందే మత్తువైద్యునికి చూపుడు.