ఎవరు తప్పుకుంటే మెజారిటీ పోతుంది?



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీకు, మీ చదువుకు సరిపడే ఒక లెక్క చెబుతాను. 2025 ఫిబ్రవరి ఎన్నికల తర్వాత జర్మనీ పార్లమెంటులో 630 స్థానాలు, మెజారిటీకి 316. సీడీయూ–సీఎస్‌యూకి 208, ఏఎఫ్‌డీకి 152, ఎస్‌పీడీకి 120, గ్రీన్స్‌కు 85, లెఫ్ట్ పార్టీకి 64, డేనిష్ మైనారిటీల పార్టీకి ఒకటి. ఏ ఒక్కరు తప్పుకున్నా మెజారిటీ పోయే కూటములు వీటిలో ఎన్ని?

పార్టీలను పెద్దది మొదలుకొని వరసగా పేర్చండి. ఒక్కొక్కదాన్ని కలుపుతూనో వదిలేస్తూనో ముందుకెళ్లండి. మొత్తం 316 చేరిన క్షణాన ఆగండి. చివర చేరిందే అందులో అతి చిన్నది. అది రాకముందు మెజారిటీ లేదు కాబట్టి, ఇక ఎవరిని తీసేసినా ఉండదు. వేరే పరీక్షే అక్కర్లేదు. నాకు ఎంతో ఇష్టమైన సౌందర్యం ఇది. నలభై పార్టీలుంటే కలయికలు లక్ష కోట్లు దాటుతాయి; అప్పుడు కూటములను రాయడం మాని, ఏ మొత్తానికి ఎన్ని దారులున్నాయో పట్టిక కడతాం.

ఇక్కడ జవాబు ఐదు. సీడీయూ–సీఎస్‌యూతో ఏఎఫ్‌డీ, లేదా ఎస్‌పీడీ, లేదా గ్రీన్స్, లెఫ్ట్ కలిసి. సీడీయూ–సీఎస్‌యూ లేకపోతే ఏఎఫ్‌డీ, ఎస్‌పీడీలతో గ్రీన్స్ గానీ లెఫ్ట్ గానీ. ఏఎఫ్‌డీని, ఎస్‌పీడీని ఒకదాని చోట మరొకటి పెట్టి చూడండి, జాబితా మారదు. 32 సీట్ల తేడాకు ఈ లెక్కలో విలువే లేదు. ఒక్క సీటు పార్టీ ఏ కూటమిలోనూ అవసరం పడదు.

అయితే ఏఎఫ్‌డీతో కలవబోమని మిగతా పార్టీలు ముందే చెప్పాయి. లెఫ్ట్‌తో చేతులు కలపకూడదని సీడీయూ తీర్మానం ఉంది. ఐదింటిలో మిగిలింది ఒక్కటే, ఎస్‌పీడీతో 328.

ఆ ఏడాది మే 6న ఛాన్సలర్ ఎన్నికకు రహస్య ఓటింగ్ జరిగింది. మొదటి విడతలో సీడీయూ నేత ఫ్రెడరిక్ మెర్జ్‌కు వచ్చినవి 310. ఆరు ఓట్లు తక్కువ. అదే రోజు రెండో విడతలో 325తో గెలిచారు. లెక్క తప్పలేదు, పార్టీ అంటే ఒకే అంకె అని మనం అనుకున్నాం, అంతే. కానీ పార్టీలో ఒక్కొక్కరికీ ఒక్కో ఓటు ఉంది.

మీరు రేపు ఏ ఆఫీసులో కూర్చుని ఏ ఫలితం చూపించినా, దాని కింద ఏం అనుకుని లెక్కించారో కూడా రాయండి. ఇది నా మనవి.