విప్పదగిన అతుకు

రెండు ఇటుకలను కలిపి నిలిపే అతుకు ఎంత గట్టిదన్న ప్రశ్నకు సాంకేతిక విద్యలో చాలా చోటు ఉంది. ఆ రెండు ఇటుకలను మళ్ళీ విడదీయవలసి వచ్చిన రోజున అవి ఇటుకలుగానే చేతికి వస్తాయా, లేక ముక్కలై రాలిపోతాయా అన్న ప్రశ్నకు మాత్రం దాదాపు చోటే లేదు. కొండగట్టు సమీపాన నాచుపల్లిలో 2007లోనూ, సిరిసిల్లలో 2021లోనూ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాలలు వెలిశాక, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల రాబోయే ముప్పై నలభై ఏళ్ళ కట్టడాలకు గీతలు గీసేది ఈ ప్రాంతపు పట్టభద్రులే అవుతారు గనుక, పట్టాలు చేతికందే ఈ వేళ ఆ రెండో ప్రశ్నను వారి ముందుంచడం సముచితం.

కట్టడాల విషయంలో చక్రీయ రూపకల్పన అంటే, పదార్థం గని నుంచి గోడకు, గోడ నుంచి కుప్పకు ఒకే దిక్కుగా పోకుండా, ఒక కట్టడం ఆయువు తీరాక దాని విలువ వీలైనంత తగ్గకుండా మరో కట్టడంలోకి చేరేటట్టు, మొదటి నక్షా గీసేనాడే ఆలోచించి పెట్టడం. సుస్థిర నిర్మాణం అన్న పెద్ద మాటలో ఇదొక భాగమే అయినా, ఎక్కువగా ప్రచారం దొరికేది మిగతా భాగాలకు, అంటే సౌర ఫలకాలకు, కరెంటు ఆదాకు, వాననీటి గుంతలకు. అవన్నీ కట్టడం బతికి ఉన్న కాలానికి చెందినవి, చక్రీయత దాని పుట్టుకకూ చావుకూ చెందినది. ఇనుమో సిమెంటో ఇటుకో తయారై పని జరిగే చోటికి చేరేలోపు ఖర్చయిన శక్తి మొత్తాన్ని అంతర్నిహిత శక్తి అంటారు. గోడను పగలగొట్టినప్పుడు ఇటుకలతో పాటు మట్టిపాలయ్యేది, కంటికి కనబడని ఆ శక్తి.

ఈ ప్రాంతపు వాడుకభాషలో ఒక తేడా ఉంది. పెంకుటిల్లును తీసేస్తే ‘ఇప్పిండ్రు’ అంటారు, స్లాబు ఇల్లును తీసేస్తే ‘కూలగొట్టిండ్రు’ అంటారు. చక్రీయ రూపకల్పన మీద వెలువడుతున్న లావుపాటి గ్రంథాల సారం చాలావరకు ఈ రెండు క్రియాపదాల మధ్యనే ఉన్నదనడం అతిశయోక్తి కాదు. కోరుట్ల, జగిత్యాల పాత వాడల్లో అక్కడక్కడ మిగిలిన భవంతి ఇల్లును, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలీ చుట్టూ అర్రలూ ఉన్న పెంకుటింటిని విప్పే క్రమాన్ని గమనిస్తే ఆ సంగతి తేటపడుతుంది: ముందు గూన పెంకలను చేతితోనే ఒక్కొక్కటిగా దించి వరసగా పేరుస్తారు, తరువాత వాసాలు, ఆ వెనుక దూలాలు, వాటి కింది స్తంభాలు దిగుతాయి, చివరగా టేకు దర్వాజ గోడ నుంచి ఊడి వస్తుంది. కర్రకు కుసి తీసి మరో కర్ర బెజ్జంలో దింపిన అతుకులు కావడం వల్ల, రంపం పెట్టే పని తక్కువ, సుత్తితో తట్టి వదులు చేసే పని ఎక్కువ. దూలం మరో ఇంటికి దూలమే అవుతుంది, లేదంటే కోతమిల్లుకు పోయి కిటికీ రెక్కలవుతుంది. దర్వాజ కొత్త స్లాబు ఇంటికి సింహద్వారమై నిలుస్తుంది. మట్టిగోడను నీళ్ళు పోసి నానబెట్టి తొక్కితే అదే మట్టి మళ్ళీ గోడకు పనికొస్తుంది.

సున్నం కథ ఇంకొంచెం లోతైనది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే దానిలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి పొడిసున్నం మిగులుతుంది. దానికి నీళ్ళు పోసి, ఇసుక కలిపి, డంగులో నూరి, కొన్ని పనుల్లో కరక్కాయ, బెల్లం నీళ్ళు చేర్చి గోడకు వాడితే, అది గాలిలోంచి అదే వాయువును ఏళ్ళ తరబడి మెల్లగా పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుంది. వెళ్ళిన వాయువులో చాలా భాగం ఇంటికి తిరిగి వచ్చినట్టే, కాల్చడానికి వాడిన కట్టెలు, బొగ్గు లెక్క వేరు. సున్నపు అతుకు ఇటుక కంటే మెత్తనిది కాబట్టి గోడ కదిలినప్పుడు పగులు అతుకులోనే ఉండిపోతుంది, ఇటుకకు ఎక్కదు. గోడను విప్పవలసి వచ్చినా అతుకు రాలిపోయి ఇటుక నిండుగా దక్కుతుంది. 1747లో కట్టినట్టు చెప్పే జగిత్యాల కోట, నక్షత్రాకారపు ప్రాకారం చుట్టూ కందకంతో, ఈ పనితనానికి ఊరి నడుమ నిలిచిన పాఠం. సిరిసిల్లకు పొరుగున కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం దక్కింది. పాత సున్నపు పని తెలిసిన చేతులు దొరికితే శిథిలమైన కట్టడం మళ్ళీ వాడుకలోకి రాగలదని ఆ కోట పునరుద్ధరణ చూపింది.

సిమెంటు దీనికి ఎదురుగా నడుస్తుంది. సున్నపురాయినీ బంకమట్టినీ కలిపి సుమారు 1,450 డిగ్రీల దాకా కాల్చితే వచ్చే గట్టి ఉండలను క్లింకరు అంటారు. దాన్ని పొడి చేసిన సిమెంటు మామూలు ఇటుక కంటే గట్టి అతుకునిస్తుంది, ఆ గట్టిదనమే విప్పేనాడు శాపమవుతుంది, ఎందుకంటే అతుకు వదలకపోతే పగిలేది ఇటుకే. స్లాబు సంగతి ఇంకా కష్టం: సలాక, కంకర, ఇసుక, సిమెంటు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి కాబట్టి, యంత్రంతో పగలగొట్టాక సలాక పాత ఇనుప సామాను కొట్టుకూ, మిగిలిన ముక్కలు గుంత పూడ్చడానికో, చాలా ఊళ్ళలో చెరువు శిఖానికో చేరతాయి. 2016లో కేంద్రం తెచ్చిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు ఈ శిథిలాలను వేరుగా సేకరించే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. హైదరాబాదు జీడిమెట్లలో 2020లో, ఆ తరువాత ఫతుల్లాగూడలో వాటిని కంకరగా, ఇసుకగా మార్చే కేంద్రాలు మొదలయ్యాయి. అవసరమైన పనే, కాని స్లాబును కంకర చేయడం చక్రంలో ఒక మెట్టు కిందికి దిగడమేనన్న మాట దాచకూడదు: దూలం దూలంగానే మరో ఇంటికి పోవడానికీ, కాంక్రీటు రోడ్డు కింద పొరగా మారడానికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది.

ఇంతమాత్రాన పాత ఇంటికి తిరిగి పోవాలన్న వాదన ఇక్కడ లేదు. నాలుగు వైపులా అర్రలున్న భవంతి ఆనాడు ఊళ్ళో కొద్దిమందిది. మిగతావారిలో చాలామందిది తాటికమ్మల గుడిసె, దానికి ఏటేటా వానా, ఎప్పుడైనా నిప్పూ ముప్పే. మట్టిగోడకు చెదలు పడుతుంది, పండుగ పండుగకూ అలుకు కావాలి, ఆ అలికే చేయి ఎప్పుడూ ఆడదే. టేకు దూలాలు మళ్ళీ అందరి ఇళ్ళకూ కావాలంటే గోదావరి ఒడ్డు అడవుల్లో చెట్టు మిగలదు. నేర్చుకోవలసింది ఆ పదార్థాలను కాదు, వాటిని కలిపిన పద్ధతిని.

పదార్థానికి వస్తే, ఈ మూడు పట్టణాలకు సరళరేఖలో వంద కిలోమీటర్లలోపే రామగుండం ఉంది. అక్కడి 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం కాల్చే బొగ్గు నుంచి మిగిలే సన్నటి బూడిదలో, నీటి సమక్షంలో సున్నంతో కలిసి గట్టిపడే గుణం ఉంది. అటువంటి పదార్థాన్ని పొజొలానా అంటారు, రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో చేసిందీ అదే. బొగ్గు విద్యుత్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపల జరిగే నిర్మాణాల్లో బూడిద ఇటుకలు, బూడిద ఉత్పత్తులు వాడాలన్న కేంద్ర నిబంధన కిందికి ఈ జిల్లాలు వస్తాయి. పొలంలోని పైమట్టి తవ్వి బట్టీలో కాల్చే ఇటుక కంటే ఇది మెరుగే. అయితే బూడిద ఇటుకను కూడా గట్టి సిమెంటు అతుకులోనే బిగిస్తే, బూడిదను ఒక తరం పాటు గోడలో దాచి తరువాతి తరానికి శిథిలంగా అప్పజెప్పినట్టే అవుతుంది. సున్నమూ బూడిదా కలిపిన మెత్తటి అతుకు మీద పరిశోధించవలసిన చోటు, ఆ బూడిదకు ఇంత దగ్గరగా ఉన్న ప్రయోగశాల కాక మరేది?

శ్రమ సంగతి చెప్పకుండా ఈ లెక్క పూర్తికాదు. స్విట్జర్లాండ్ వాస్తుశిల్పి వాల్టర్ స్టాహెల్, జెనెవీవ్ రెడేతో కలిసి 1976లో ఐరోపా కమిషన్‌కు ఇచ్చిన నివేదికలో ఒక సంగతిని ఎత్తిచూపాడు: పరిశ్రమలు ఖర్చు చేసే శక్తిలో సుమారు మూడు వంతులు సిమెంటు, ఉక్కు వంటి మూల పదార్థాలను తవ్వి తయారు చేయడానికే పోతుంది, వాటిని వస్తువుగా, కట్టడంగా మలచడానికి పోయేది మిగిలిన ఒక వంతే, శ్రమ విషయంలో ఇది తారుమారవుతుంది. అంటే పాతదాన్ని బాగుచేసి నిలబెట్టే ప్రతి పనిలోనూ శక్తి ఖర్చు తగ్గి మనుషులకు పని పెరుగుతుంది. ఈ వాక్యాన్ని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చదివితే దాని బరువు వేరు, ఎందుకంటే తాపీ, సెంట్రింగు, సలాక కట్టుడు తెలిసిన చేతులు ఇక్కడి నుంచి దుబాయికీ మస్కటుకూ దోహాకూ వలసపోయి ఇతరుల గోపురాలు కట్టాయి. ఆ చేతులు పంపిన పైసలతో ఇక్కడ లేచిన రెండంతస్తుల ఇళ్ళలో ఎన్నింటికో ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే ఉంటుంది. ఖాళీగా ఉన్న ఇల్లు చక్రీయ లెక్కలో కూల్చిన ఇంటి తరువాతి స్థానంలో ఉంటుంది, దాని శక్తి ఖర్చయింది గాని వాడుక మొదలుకాలేదు.

సిరిసిల్లది మరో కోణం. సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాల షెడ్డు, పొందికలేని కట్టడంగా కనిపించినా, ఇనుప కైంచీలను నట్లూ బోల్టులతో బిగించి పైన రేకులు పరిచిన షెడ్లు విప్పదగిన అతుకుకు దగ్గరి ఉదాహరణలే. బోల్టు తిరిగితే కైంచీ మరో చోట మళ్ళీ లేస్తుంది. కాని అదే షెడ్డు మీద ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకు ఉంటే, దాన్ని కోసినా పగలగొట్టినా లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం కనుక, చక్రం తిప్పకూడని వస్తువులు కూడా ఉంటాయన్న ఎరుక పట్టభద్రులకు అవసరం. ఎండాకాలంలో ఆ రేకుల కింద సాంచాల మధ్య నిలబడే కార్మికుడికి చక్రీయత కంటే ముందు కావలసింది చల్లదనం. తెలంగాణ రాష్ట్రం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం, ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూతలనూ పెంకులనూ నివాసేతర కట్టడాలకూ పెద్ద ఇళ్ళకూ తప్పనిసరి చేసి, 600 చదరపు గజాల లోపు స్థలాల ఇళ్ళకు ఇష్టానికి వదిలింది. వేడిని ఎక్కువగా మోసేవి ఆ చిన్న కప్పులే. సిరిసిల్ల దగ్గరి మండేపల్లిలో 2021 జూలైలో ప్రారంభమైన 1,320 రెండు పడకగదుల ఇళ్ళ కాలనీకి కూడా చక్రీయ లెక్క వర్తిస్తుంది: ఒకే నమూనా ఇళ్ళు అన్ని ఒక్కచోట ఉండటం, మరమ్మతు సామాను, తలుపుల కొలతలు, గొట్టాల దారులు ఒకేలా ఉండటం వల్ల, మరమ్మతును ఒక వృత్తిగా నిలబెట్టడానికి అంతకు మించిన చోటు దొరకదు.

మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు పాత పోగుల కొసలను పారేయడు; మిగిలిన ఒక్కొక్క పోగుకు కొత్త పడుగు పోగును వేళ్ళ మధ్య నలిపి అతుకుతాడు, వందల అతుకుల తరువాత కొత్త పడుగు మొత్తం పాతదాని వెంటే అచ్చులోంచి జారి వస్తుంది. అతుకులున్న ఆ కొద్ది మేరను తరువాత కత్తిరించి తీసేస్తారు. అతుకు దారి చూపి తప్పుకోవాలన్నది మొదటే తెలిసిన సంగతి. భవనంలో ఆ ముందుచూపుకు చోటు కాగితం మీద మొదలవుతుంది. 2020లో చట్టమైన బీపాస్ అనే భవన అనుమతుల విధానం, 600 చదరపు గజాల లోపు స్థలాల్లోని చిన్న ఇళ్ళకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి దొరికేటట్టు చేసింది. అనుమతి దస్త్రంలో నక్షా ఉంటుంది, స్థలం పత్రాలు ఉంటాయి, విప్పే క్రమం చెప్పే పుట ఉండదు. చట్టం అడగకపోయినా ఆ ఒక్క పుటను ఇంజనీరు తనంతట తాను రాసి జతచేయవచ్చు: ఏ దర్వాజ ఏ మేకులు తీస్తే ఊడుతుంది, ఏ గోడకు ఏ పాళ్ళలో సున్నం కలిసింది, గొట్టాలు గోడ లోపలివా పైవా, సలాక ఏ కొలతది, పైకప్పు మీద మొదట చేయి వేయవలసింది ఎక్కడ, అన్నిటికంటే చివర కదపవలసిన పునాది రాయి ఏది.