మగ్గమున్న ఇంట మొక్క
(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు షోలాపూరు తూర్పు భాగాన్ని తమ ఊరుగా చేసుకున్నాయి. ఇక్కడి దుప్పట్లు, తువ్వాళ్లు దేశమంతటా పేరు గడించాయి. ఆ ఇళ్లలో పుట్టిన బిడ్డకు కండె తెలుసు, పడుగు తెలుసు, పేక తెలుసు. కాని ఆ నూలుకు తల్లి అయిన పత్తి మొక్కను చూసిన పిల్లలు అరుదు. మారాకు, పూత, పిందె అనే మాటలను తెలుగు వాచకంలో చదువుతారు. వీధిలో మరాఠీ వినిపించే ఊరిలో ఆ మాటలకు తగిన వస్తువు కంటి ఎదుట లేకుంటే, అవి పరీక్షతోనే మరుగున పడతాయి. పిల్లలకు తోటపని కావాలనడానికి ఇదే ముఖ్య కారణం.

జర్మనీ విద్యావేత్త ఫ్రోబెల్ 1840లో తన శిశు విద్యాలయానికి 'కిండర్‌గార్టెన్' అని పేరుపెట్టాడు. పిల్లల తోట అని దాని అర్థం. అందులో ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి ఉండాలని ఆయన ఆశయం. అందరిదీ అయిన మొక్క ఎవరికీ పట్టదు. తన పేరు రాసుకున్న డబ్బాలోని మొలకను బిడ్డ నిద్ర లేవగానే వెళ్లి చూస్తాడు.

ఇరుకు ఇంట్లో చోటేదని తల్లులు అడగవచ్చు. గుమ్మం పక్కన, మెట్ల మీద, మేడ మీద ఒక్క డబ్బా చాలు. అడుగున రంధ్రాలు చేసి మట్టి, మాగిన పశువుల ఎరువు నింపాలి. రంగులు, రసాయనాలు నిలువ చేసిన డబ్బాలను, అద్దకపు నీటిని తినే ఆకుకూరలకు ఎన్నడూ వాడరాదు. పిల్లల ఓర్పు కొద్దిది. కావున మెంతులతో మొదలు పెట్టాలి. మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తి, నెల లోపే కోతకు వస్తాయి. తాను పెంచిన కూర పళ్లెంలోకి వచ్చిన నాడు బిడ్డకు వేరే బోధ అక్కరలేదు. తరువాత బచ్చలి, చిక్కుడు పెట్టవచ్చు.

నీటి మాట దాటవేయరానిది. జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. కుళాయి నీటి కోసం బిందెలతో కాచుకొన్న తల్లులను మంచినీరు మొక్కకు పోయమనడం న్యాయం కాదు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు చాలు. సబ్బు నీరు తగదు. మట్టిపై ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది. ఈ ప్రాంతపు రబీ జొన్న నల్లరేగడిలో దాగిన తేమతోనే పండుతుంది. ఆ రైతు నేర్పును బిడ్డ డబ్బాలో చూస్తాడు.

బడి తోటకు శత్రువు వేసవి సెలవు. కనుక జూన్‌లో బడి తెరవగానే విత్తి, ఏప్రిల్ నాటికి కోతలు ముగించే పైర్లనే ఎంచుకోవాలి. వాటిలో పత్తి ఒకటి కావాలి. మందు పట్టించిన విత్తనం మాత్రం పిల్లల చేతికి ఇవ్వరాదు. లేత రంగులో విచ్చిన పువ్వు మరునాటికి గులాబి రంగుకు తిరగడం, కొన్ని వారాలకు కాయ పగిలి దూది తెల్లగా బయటపడడం పిల్లలు చూడాలి. ఆ దూదిని వేళ్లతో పురిపెట్టి దారం తీసిన బిడ్డకు తండ్రి చేసే పని విలువ తెలుస్తుంది.

తప్పు చేసిన విద్యార్థిని కలుపు తీయమని పంపే అలవాటు మానాలి. శిక్షగా చేసిన పని మీద ప్రేమ పుట్టదు. మొక్క చస్తే మందలించక, ఎందుకు చచ్చిందో కలిసి వెదకాలి. అదే విజ్ఞానశాస్త్ర పాఠం.

పూర్వ విద్యార్థులారా, ఈ ఉత్సవానికి పూలదండలు తేవద్దు. ఒక బండి మట్టి, ఒక గంప ఎరువు బడికి ఇవ్వండి. పువ్వులు పిల్లలే పూయిస్తారు.