గుట్టు ఎవరిది? కాపలా ఎవరిది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తి గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా 'స్త్రీకి వాటా ఉందా, లేదా' అన్న ప్రశ్నతో మొదలుపెడతాం. ఇవాళ నేను దాని తర్వాతి ప్రశ్న మీ ముందు పెట్టదల్చుకున్నాను. వాటా ఉన్న స్త్రీ దాన్ని ఎవరికివ్వాలో తనే నిర్ణయించుకోగలదా? ఆ నిర్ణయాన్ని మార్చుకోగలదా? తను చెప్పదల్చుకున్నంత వరకూ దాన్ని తన దగ్గరే ఉంచుకోగలదా?

ఈ ప్రశ్న నాకు కాలిఫోర్నియాలో ఎదురైంది. అక్కడ స్థిరపడిన తెలుగు స్త్రీలతో వాళ్ల సంపాదన గురించి మాట్లాడుతుండగా ఒకామె "మాకు లివింగ్ ట్రస్ట్ ఉందండీ" అంది. ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనిషి. అందులో ఏం రాశారని అడిగితే, "ఆయనకి తెలుసు, నేను సంతకం పెట్టాను" అంది. ట్రస్టుకి భర్త ఇంటిపేరు పెట్టారు. కాపురం వదులుకుని వచ్చేసిన తన చెల్లెలికి తన వాటాలో కొంత రాయాలని ఆమె కోరిక. ఆ సంగతి బయటపడితే ఇంట్లో బతకనివ్వరని భయం.

లివింగ్ ట్రస్ట్ అంటే బతికుండగానే తన ఆస్తిని ట్రస్టు కింద పెట్టుకోవడం. పెట్టేది, నడిపేది, అనుభవించేది ఒకరే కావచ్చు. తన తర్వాత ఎవరు నడపాలో, ఎవరికి ఎంత చెందాలో అందులో రాస్తారు. అమెరికాలో వీలునామా అయితే మనిషి పోయాక కోర్టులో దాఖలవుతుంది, ఎవరైనా చూడవచ్చు. ట్రస్టు పత్రాన్ని మామూలుగా ఎక్కడా దాఖలు చేయనక్కర్లేదు. బ్యాంకు అడిగినా, ట్రస్టు ఉందనీ, ట్రస్టీ ఫలానా అనీ, ఆమెకి ఈ అధికారాలున్నాయనీ తెలిపే ధ్రువీకరణ ఇస్తే చాలు. ఎవరికెంతో చెప్పే పేజీలు చూపించనక్కర్లేదు. కాలిఫోర్నియా చట్టంలో దీనికి స్పష్టమైన ఏర్పాటు ఉంది.

అయితే పేరు దాగదు. ఇల్లు ట్రస్టులోకి మార్చిన దస్తావేజు కౌంటీ రికార్డరు ఆఫీసులో నమోదవుతుంది. ట్రస్టు పేరు, ట్రస్టీ పేరు అక్కడ కనిపిస్తాయి. అందుకని ఇంటిపేరు, పిల్లల పేర్లు పెట్టకుండా ఏ చెట్టు పేరో, నది పేరో పెట్టుకోవచ్చు. కానీ ట్రస్టీగా ఆమె పేరే ఉన్నంతకాలం పేరు మార్పు పూర్తి రక్షణ కాదు. హింస నుంచి తప్పించుకు వచ్చిన స్త్రీకి ఇది ముఖ్యం. ట్రస్టీగా మరొకరిని పెట్టాలా అన్నది ఆమె ముందే ఆలోచించుకోవాలి.

మార్పుల విషయం ఇంకా సున్నితమైనది. మొదటి సవరణ, రెండో సవరణ అంటూ ఒకదాని వెనక ఒకటి అతికిస్తూ పోతే, ఎవరి పేరు ఎప్పుడు కొట్టేశారో, ఎవరికి ఎంత తగ్గించారో ఆ కాగితాలే చెబుతాయి. దానికి బదులు పాత ట్రస్టు పేరు, తేదీ అలాగే ఉంచి పత్రం మొత్తాన్ని కొత్తగా తిరగరాసే పద్ధతి ఉంది. ఇల్లు మళ్లీ మార్చే పని ఉండదు, పాత రాతలు చేతులు మారవు. ఎందుకిస్తున్నానో, ఎందుకివ్వడం లేదో మాత్రం పత్రంలో రాయకూడదు. ఎందుకంటే ఆమె పోయిన తర్వాత 60 రోజుల్లోగా ట్రస్టీ లబ్ధిదారులకే కాక చట్టప్రకారం వారసులైన వారికి కూడా నోటీసు ఇవ్వాలి. ఏమీ దక్కని వారసుడు సైతం పత్రం అడగవచ్చు.

మరి ఆమె చెల్లెలి సంగతి? కాలిఫోర్నియాలో కాపురంలో సంపాదించింది ఇద్దరికీ చెరి సగం. ఆ ఉమ్మడి ఆస్తిని ట్రస్టులో పెట్టాక, పత్రంలో వేరుగా రాసుకోకపోతే, మార్చడానికి ఇద్దరి సమ్మతీ కావాలి. రద్దు మాత్రం ఏ ఒక్కరైనా చేయవచ్చు. రద్దు చేస్తే ఆమె సగం మీద ఆమె నిర్ణయం ఆమెకి తిరిగి వస్తుంది. ఆమెకి ఈ మాట ఎవరూ చెప్పలేదు. దంపతులిద్దరికీ ఒకే లాయరు. అలాంటి లాయరు దగ్గర ఒకరు చెప్పింది రెండోవారి దగ్గర దాచే వీలు సాధారణంగా ఉండదు. ఆమెకి కావలసింది తన లాయరు.

ఈ రహస్యం రెండువైపులా పదునున్నదని కూడా గుర్తుంచుకోవాలి. 2008లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తీర్పిచ్చిన మాస్రీ కేసులో భర్త తన వాటా మేరకు ట్రస్టును రద్దు చేసి, ఆ కాగితాన్ని ట్రస్టీ హోదాలో తనకు తనే అందజేసుకున్నాడు. భార్యకి ఆయన పోయాక తెలిసింది. అది చెల్లుతుందని కోర్టు చెప్పింది. తన ఎరుక లేకుండా మార్చకూడదనుకునే స్త్రీ, రెండోవారికి రాతపూర్వకంగా తెలియజేస్తేనే రద్దు చెల్లుతుందనీ, వేరే ఏ మార్గమూ చెల్లదనీ మొదటే పత్రంలో రాయించుకోవాలి.

ఇక్కడ భూమి ఉన్నవాళ్లు ఇంకో తేడా తెలుసుకోవాలి. మన దేశంలో పరిస్థితి తలకిందులు. 1882 ట్రస్టుల చట్టం ప్రకారం స్థిరాస్తిని బతికుండగా ట్రస్టులో పెట్టాలంటే రిజిస్టరు చేయాల్సిందే. ఆ దస్తావేజు నకలు ఎవరైనా తీసుకోవచ్చు. రద్దు చేసుకునే అధికారం అందులో స్పష్టంగా అట్టేపెట్టుకోకపోతే, తర్వాత లబ్ధిదారులందరూ ఒప్పుకోవాలి. వీలునామా అయితే, రిజిస్టరు చేసినా, రాసిన మనిషి బతికున్నంతకాలం నకలు ఆమెకో, ఆమె ఏజెంటుకో తప్ప ఇవ్వరు. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కనుక అమెరికా నుంచి కూతురో చెల్లెలో చెప్పిందని ఇక్కడి పొలానికి ట్రస్టు రాయించే ముందు ఈ తేడా చెప్పడం మన పని.

ఇంటిగుట్టు లంకకు చేటని మనకి చిన్నప్పటినుంచీ నేర్పారు. ఆ గుట్టుకి కాపలా ఎప్పుడూ ఆడదే. దెబ్బలు తిన్నా చెప్పకూడదు. కానీ ఇంట్లో ఆస్తి ఎంతుందో, ఏ కాగితంలో ఏముందో ఆమెకే చెప్పరు. ఆ గుట్టు ఆమె నుంచి దాచింది. నేను సమర్థించేది ఆ గుట్టుని కాదు. తన నిర్ణయాన్ని తన దగ్గర ఉంచుకునే హక్కుని.

ఆమెని నేను చివరగా అడిగింది ఒకటే: ఆ పత్రం ఒకసారి మీరే చదవండి అని. కొన్నాళ్లకి ఫోను చేసి, "ముప్ఫై పేజీలండీ, రెండు రాత్రులు పట్టింది" అంది. చెల్లెలి సంగతి ఏం చేసిందో నేను అడగలేదు. అది ఆమె గుట్టు.