వెనక్కి తప్పిన భుజం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా చెప్పగల పెద్దలు వేదికమీద ఉన్నారు. నేను 34 ఏళ్లు గుమస్తాగా పనిచేసినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. నా కుడి భుజానికి జరిగింది చెబితే ఒక్కరికైనా పనికివస్తుందని కార్యదర్శిగారు పట్టుబట్టారు.

2022 కార్తీకమాసంలో ఏకాదశినాడు ఉపవాసం ఉన్నాను. భోజనం మానాను గాని షుగర్ మాత్ర మానలేదు. తెల్లవారుజామున షుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించాక తెలివి వచ్చింది. భుజం నొప్పి అంటే ఎదురుగా ఒక ఎక్స్‌రే తీసి, "ఎముక విరగలేదు, కీలు బిగుసుకుంది, వ్యాయామం చేయండి" అన్నారు.

చేశాను. అయిదు వారాలు నూనె రాయించుకున్నాను, కప్పీకి తాడు వేసి లాగాను. చెయ్యి పొట్టకు అతుక్కుపోయినట్టే ఉండేది. చొక్కా తొడుగుతూ మా ఇంటావిడ, "కాస్త ఓర్చుకోండి, మీరే చెయ్యి బిగబడుతున్నారు" అనేది.

గుట్టు గుడిలో బయటపడింది. తీర్థానికి చెయ్యి చాపితే అరచెయ్యి పైకి తిరగలేదు. నా వెనకాల మన సంఘ సభ్యుడే, ఎక్స్‌రే విభాగంలో రిటైరైన మిత్రుడు నిలబడి ఉన్నారు. "చంక వైపు నుంచి ఫిల్ము తీశారా?" అని అడిగారు. లేదన్నాను. "నోట్ ఫైలు చూసి, కరెంట్ ఫైలు తిప్పకుండా సంతకం పెట్టినట్టుందండీ" అన్నారు.

మర్నాడు ఎముకల డాక్టరుగారు చంక వైపు ఎక్స్‌రే, సి.టి. స్కాను తీయించారు. భుజం బంతి గూడు దాటి వెనక్కి జారి కూర్చుంది.

భుజం తప్పితే సాధారణంగా ముందుకు తప్పుతుంది. వెనక్కి తప్పేవి నూటికి 2 నుంచి 4 మాత్రమే. ఫిట్స్, కరెంటు షాకు, చాపిన చేతిమీద పడటం దీనికి ముఖ్య కారణాలు. చేతిని లోపలికి తిప్పే కండరాలు బయటికి తిప్పేవాటికంటే బలమైనవి. ఫిట్స్‌లో అన్నీ ఒక్కసారిగా బిగిస్తే బంతి వెనక్కి పోతుంది. సర్ ఆస్ట్లీ కూపర్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు ఇలాంటి భుజం గురించి 1839లోనే రాశారు. ఎదురుగా తీసిన ఫిల్ములో మాత్రం బంతి గూటి ఎదుటే ఉన్నట్టు, కరెంటు బల్బులా గుండ్రంగా కనిపిస్తుంది. అందుకే ఇలాంటివి సగం దాకా మొదట పట్టుబడవని వైద్యులు చెబుతారు. భుజం బిగుసుకునే జబ్బు వారాలు, నెలలమీద మెల్లగా ముదురుతుంది. నాది ఒక్క రాత్రిలో వచ్చింది. ఆ తేడా ఎవరమూ గమనించలేదు.

మూడు వారాలలోపు తెలిసి, ఎముకలో గుంట చిన్నదైతే, మత్తు ఇచ్చి మెల్లగా లాగి కీలు కూర్చోబెడతారు. నాకు ఆ గడువు దాటింది. గూటి అంచు నొక్కుకుని బంతి ముందుభాగంలో దాదాపు నాలుగో వంతు గుంటపడింది. కోసి, కీలు సరిచేసి, ముందుండే కండరపు కొసను ఆ గుంటలో బిగించారు. 1952లో మెక్‌లాఫ్లిన్ అనే వైద్యుడు వివరించిన పద్ధతి అది. గుంట సగానికి చేరి ఉంటే కృత్రిమ కీలు పెట్టవలసి వచ్చేదట. చెయ్యి లోపలికి తిరగకుండా ఆరు వారాలు పట్టీ, ఆ తర్వాత ఆరు నెలలు వ్యాయామం.

ఇప్పుడు తీర్థం పుచ్చుకుంటున్నాను. తల దువ్వుకోవాలంటే మాత్రం మెడే చేతి దగ్గరకు వంచాలి. మనవణ్ణి ఎత్తుకోలేను. అయిదు వారాల ఆలస్యానికి చెల్లించిన మూల్యం అది.

తప్పంతా ఆస్పత్రిదే అనను. ఉపవాసంనాడు మాత్ర సంగతి ముందుగా అడగకపోవడం నా పొరపాటు. పై అధికారి సంతకం పెట్టాక ఫైలు ముగిసిందనుకోవడం నా 34 ఏళ్ల అలవాటు. డాక్టరుగారి దగ్గరా అలాగే నోరు మూసుకున్నాను.

కనుక మిత్రులారా, ఫిట్స్ వచ్చాక గాని, షాకు కొట్టాక గాని, పడ్డాక గాని చెయ్యి బయటికి తిరగకపోతే, అరచెయ్యి పైకి రాకపోతే, ఇంట్లో ఎవరిచేతా లాగించుకోకండి. డాక్టరుగారిని వినయంగానే ఒక్క మాట అడగండి: "అయ్యా, పక్కనుంచి కూడా ఒక ఫిల్ము తీయిస్తారా?"