కాలేజీ గ్రౌండు ఎవరిది? - ఫుట్‌బాల్, లాభం, ఆడపిల్లలు

(రామకుప్పంలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సమావేశం అంటే కట్నం, గృహహింస, భూమి పట్టా, కూలి రేటు గురించి మాట్లాడతారని అందరూ అనుకుంటారు. ఈ రోజు మీరు నాకిచ్చిన విషయం ఆట. ఈ చుట్టుపక్కల కాలేజీల మగపిల్లలు కొందరు ఏటా ఫుట్‌బాల్ పోటీలు పెడదామనుకుంటున్నారనీ, టిక్కెట్లతో, దుకాణాల ప్రకటనలతో దాన్ని లాభంగా నడపొచ్చని వాళ్ళ ఆలోచన అనీ, పొదుపు సంఘాలను కూడా చందా అడిగారనీ చెప్పారు. ఇవ్వాలా వద్దా అని మీలో చర్చ జరిగిందట. "మగపిల్లల ఆటతో మనకేం పని?" అని కొందరన్నారట. పని ఉందనే నేను అనుకుంటున్నాను. ఎందుకో చెప్పడానికి ముందు వాళ్ళడిగిన రెండు ప్రశ్నలకూ నిజాయితీగా జవాబు వెతుకుదాం. కాలేజీల్లో ఫుట్‌బాల్‌కి జనాదరణ వస్తుందా? దానిమీద లాభం వస్తుందా?

జనాదరణ సంగతి మన చరిత్రలోనే ఉంది. ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పింది హైదరాబాదు. సయ్యద్ అబ్దుల్ రహీం అనే స్కూలు మాస్టారు తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ కాలపు ఆటగాడే. బంతి ఒక్కటుంటే ఇరవై రెండు మంది ఆడుకోగల ఆట ఇది. క్రికెట్‌కి కావలసినంత సామాను అక్కర్లేదు. కాబట్టి పేదవాళ్ళ పిల్లల్లోకి ఇది వెళ్ళగలదు, వెళ్ళింది కూడా.

అయితే ఆ జట్లు దేనిమీద నిలబడ్డాయి? ప్రధానంగా ఉద్యోగం మీద. పోలీసు శాఖ, రైల్వే, బ్యాంకులు, ప్రభుత్వ కర్మాగారాలు ఆటగాళ్ళకి ఉద్యోగాలిచ్చి జట్లను నడిపాయి. అంటే ప్రజల సొమ్ము ఆటను పోషించింది. అందులో తప్పేమీ లేదు, ఆటను సమాజం పోషించాల్సిందే. కానీ ఆ ఉద్యోగాలన్నీ మగవాళ్ళకే వెళ్ళాయన్న సంగతి ఎవరికీ తప్పుగా తోచలేదు. ఆ మైదానాల్లో ఒక్క ఆడపిల్లయినా ఎందుకు లేదని ఎవరూ అడగలేదు.

ఇక లాభం మాట. హైదరాబాదు పేరుతో ఒక కంపెనీ జట్టు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచింది. టీవీ ప్రసారం, ప్రకటనలు, విదేశీ ఆటగాళ్ళు అన్నీ ఉన్నాయి. తర్వాత రెండేళ్ళలోపే ఆటగాళ్ళ జీతాల బకాయిలు వార్తల్లోకొచ్చాయి. 2025లో ఆ జట్టు చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. దేశంలోకెల్లా గెలిచిన జట్టే నగరంలో నిలవలేకపోతే, కుప్పం కాలేజీ గ్రౌండులో పదిరూపాయల టిక్కెట్టు మీద ఫుట్‌బాల్ లాభంగా నడుస్తుందని పిల్లలకి ఆశ పెట్టడం న్యాయం కాదు. జనం వస్తారు, చప్పట్లు కొడతారు. డబ్బు మాత్రం రాదు. కాలేజీ క్రీడలకి కోట్లు కుమ్మరించే అమెరికాలోనే చాలా విశ్వవిద్యాలయాలు ఆటల ఖర్చులో కొంత విద్యార్థుల ఫీజుల నుంచీ సంస్థ నిధుల నుంచీ భరిస్తున్నాయి. అక్కడ మగపిల్లల సాకర్ కూడా లాభాలు తెచ్చే ఆటల జాబితాలో లేదు.

నన్ను ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి. మగపిల్లలు ఆడతామన్నప్పుడు లాభం ఒక ఆశగా వస్తుంది: "రేపు వస్తుందిలే, ముందు ఆడనీ" అంటాం. ఆడపిల్లలు ఆడతామన్నప్పుడు అదే లాభం ఒక షరతుగా వస్తుంది: "ఎవరు చూస్తారు? ఏమొస్తుంది?" అంటాం. ఒకే కొలబద్ద రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేస్తోంది. దీన్నే మనం పితృస్వామ్యం అంటున్నాం. అది ఎక్కడో ఆకాశంలో లేదు, కాలేజీ ఆటల బడ్జెట్టులో ఉంది.

"ఆడవాళ్ళ ఆట ఎవరూ చూడరు" అన్నది ప్రకృతి సత్యంలా చెప్తారు. ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ప్రెస్టన్ పట్టణంలో ఆయుధాల తయారీలో పనిచేసిన స్త్రీలు డిక్ కెర్ లేడీస్ అనే ఫుట్‌బాల్ జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ళ ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు. వచ్చిన డబ్బు ధర్మకార్యాలకి వెళ్ళింది. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరులో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన అధీనంలోని మైదానాల్లో స్త్రీలు ఆడకుండా నిషేధం పెట్టింది. ఈ ఆట స్త్రీలకు తగదని కారణం చెప్పింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్ళు సాగింది. అంటే జనం రాకపోవడం వల్ల ఆట ఆగలేదు, జనం వస్తున్న ఆటను మైదానం లాక్కుని ఆపారు. అదే ఇంగ్లండులో 2022లో స్త్రీల యూరోపియన్ కప్పు ఫైనల్‌కి వెంబ్లీలో 87,192 మంది కూర్చున్నారు. మధ్యలో పోయిన ఆ తరాల లెక్క ఎవరు చెప్తారు?

అమెరికా అనుభవం కూడా మనకి పనికొస్తుంది. 1972లో అక్కడ టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా లింగ భేదం చూపకూడదన్నది దాని సారాంశం. అందులో ఆటల మాటే లేదు. కానీ చదువులో ఆట కూడా భాగమే గనుక అది ఆటలకీ వర్తించింది. వెంటనే 1974లో ఒక సెనేటరు, డబ్బు తెచ్చే ఆటలకి ఈ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వాలని సవరణ తెచ్చాడు. అది నెగ్గలేదు. నెగ్గి ఉంటే లాభం పేరుతో వివక్షకి చట్టమే గొడుగు పట్టి ఉండేది. ఆ చట్టానికి ముందు అమెరికా హైస్కూళ్ళలో ఆటలాడే ఆడపిల్లలు మూడు లక్షల లోపు. ఇప్పుడు ముప్పై లక్షల పైన. 1982లో కాలేజీ స్త్రీలకి జాతీయ సాకర్ పోటీలు మొదలయ్యాయి. తొమ్మిదేళ్ళకి, 1991లో, స్త్రీల మొదటి ప్రపంచకప్పు అమెరికా గెలిచింది. మగవాళ్ళతో సమాన వేతనం కోసం ఆ క్రీడాకారిణులు కోర్టుకెక్కి 2022లో ఒప్పందం సాధించారు. వరస గమనించండి: ముందు హక్కు, తర్వాత మైదానం, తర్వాత ఆట, తర్వాత జనం. డబ్బు ఆఖరున వచ్చింది. మనల్ని మాత్రం ముందు డబ్బు చూపించమంటున్నారు.

మన దగ్గరా అంతే. 1973లో స్త్రీల క్రికెట్ సంఘం ఏర్పడింది. 2006 దాకా క్రికెట్ బోర్డు వాళ్ళని తనలో కలుపుకోలేదు. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 1999 నుంచీ ఆడుతూ ఉంటే, 2017లో ప్రపంచకప్పు ఫైనల్ చేరిన తర్వాతే దేశం తలతిప్పి చూసింది. 2022లో మ్యాచ్ ఫీజు సమానం చేశారు. 2023లో స్త్రీల లీగ్‌లో అయిదు జట్లు కలిపి 4,669.99 కోట్లకి అమ్ముడయ్యాయి. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచకప్పు గెలిచారు. ఆ జట్టులో మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది. ఇప్పుడు "ఎవరు చూస్తారు?" అని అడిగేవాళ్ళు కనపడటం లేదు. ఫుట్‌బాల్‌లో కూడా నిజామాబాదు వైపు నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య అనే లంబాడీ అమ్మాయి భారత జట్టుకి ఆడుతోంది. 2025 జులైలో థాయిలాండుని ఓడించి స్త్రీల జట్టు ఆసియా కప్పుకి అర్హత సంపాదించింది. పేరున్న వాళ్ళ గురించి చప్పట్లు కొడదాం. అయితే శ్రీచరణికి దొరికిన మైదానం మన ఊరి పిల్లకి దొరుకుతుందా అన్నదే మన ప్రశ్న.

మైదానం అంటే నేల. పల్లెల్లో నేల విలువ మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పూర్తి ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే సుమారు ఎకరా డెబ్బై అయిదు సెంట్లు. స్త్రీల కబడ్డీ కోర్టు పన్నెండు మీటర్లు, ఎనిమిది మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు కూడా లేదు. ప్రభుత్వ కాలేజీ గ్రౌండు ఎవరి సొత్తు? అందరి సొత్తు. ఆటల ఫీజు ఆడపిల్లలు కూడా కడతారు. సాయంత్రం ఆ గ్రౌండులో ఎవరుంటారు? ఆడపిల్ల పుస్తకాలు గుండెకి హత్తుకుని గోడవారగా బస్టాండుకి నడుస్తుంది. ఆమె ఆడని ఆటకి ఆమె ఫీజు కడుతోంది. లాభనష్టాల లెక్క చూడాలంటే ముందు ఈ లెక్క చూడాలి.

నేలతో పాటు పొద్దు కూడా కావాలి. కాలేజీ వదిలేది సాయంత్రం. ఈ ప్రాంతంలో ఆ వేళకి పాలు పితకాలి, పట్టుపురుగులకి ఆకెయ్యాలి, నీళ్ళు తేవాలి, వంట చెయ్యాలి. ఆ పని ఆడపిల్లది. తమ్ముడు ఆడుకోగలుగుతున్నాడంటే అక్క చేస్తున్న చాకిరి అతనికి ఆ గంట ఇస్తోంది. పోటీలకి వచ్చే జట్లకి అన్నం ఎవరు వండుతారు, బట్టలు ఎవరు ఉతుకుతారు అన్నది ఏ టోర్నమెంటు బడ్జెట్టులోనూ రాయరు. ఆ చాకిరికి కూలి కట్టి చూస్తే లాభం అన్న మాటే ఉండదు.

ఇక ఒంటి సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. 20-24 ఏళ్ళ వాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. ఆట అంటే పతకమొక్కటే కాదు. ఆడే పిల్లకి తిండి పెట్టాలన్న ఆలోచన ఇంట్లో వస్తుంది. ఆమెకి ఒక జట్టు ఉంటుంది, పెళ్ళిచూపులనగానే వచ్చి అడిగే స్నేహితులుంటారు. జార్ఖండ్ పల్లెల్లో 2009 నుంచి పనిచేస్తున్న యువా అనే సంస్థ ఫుట్‌బాల్‌నే ఆధారం చేసుకుని ఆడపిల్లల్ని చదువులో నిలిపి, బాల్యవివాహాలని ఎదుర్కొంటోంది. మన అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె పిల్లలకి, ఆడా మగా ఇద్దరికీ, ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చింది. రాయలసీమ నేల మీద ఇది సాధ్యమేనని చెప్పడానికి అదొక్కటి చాలు.

భద్రత పేరెత్తగానే "అందుకే వద్దన్నాం" అంటారు పెద్దవాళ్ళు. 2023లో ఢిల్లీలో రోడ్డుమీద కూర్చున్న కుస్తీ క్రీడాకారిణుల్ని చూశాం. 2022లో అండర్-17 బాలికల ఫుట్‌బాల్ జట్టు సహాయ శిక్షకుణ్ణి లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ మీద తొలగించారు. దీనికి పరిష్కారం పిల్లల్ని ఇంట్లో పెట్టడం కాదు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్టేడియాన్నీ, క్రీడా శిక్షణ సంస్థనీ, పోటీలు జరిగే చోటునీ కూడా పని ప్రదేశంగానే గుర్తించింది. ఆ చట్టం కింద కమిటీ ఉందా అని కాలేజీని అడిగే హక్కు మనకుంది. పద్దెనిమిది లోపు పిల్లలకి 2012 పోక్సో చట్టం ఉంది.

ఇవి దయ కింద అడిగేవి కావు. 1993లో భారతదేశం ఆమోదించిన సీడా ఒప్పందం పదో అధికరణ ఆటల్లో, వ్యాయామ విద్యలో స్త్రీలకి సమాన అవకాశం ఉండాలంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. రాజ్యాంగం 15(3) అధికరణ స్త్రీలకీ పిల్లలకీ ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యొచ్చంటుంది. 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా పోటీలు పెట్టినప్పుడు స్త్రీల విభాగం కూడా పెట్టింది. అలాంటి పోటీలు ఏడాదికొకసారి జరిగే తిరనాళ్ళలా కాకుండా రోజూ సాయంత్రం గ్రౌండులో గంటసేపు ఆటగా మారాలి.

కాబట్టి చందా సంగతి. నా అభిప్రాయం ఇవ్వమనే. మగపిల్లలు మనకి శత్రువులు కారు. కులాలవారీగా, వీధులవారీగా విడిపోయిన కుర్రాళ్ళు ఒకే జట్టులో ఆడటం మంచిదే. కానీ పొదుపు డబ్బు మీ కష్టార్జితం, షరతు లేకుండా ఇవ్వొద్దు. ఒకటి, అదే పోటీల్లో ఆడపిల్లల విభాగం ఉండాలి. ఫుట్‌బాల్ జట్లు కుదరకపోతే ఈ ఏడు కబడ్డీ, ఖోఖో పెట్టి, వచ్చే ఏడుకి ఫుట్‌బాల్ నేర్పాలి. రెండు, వారంలో మూడు సాయంత్రాలు గ్రౌండు ఆడపిల్లలకే వదలాలి, ఆ మాట కాలేజీ నోటీసు బోర్డుమీద రాయాలి. మూడు, మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, వెలుతురుండగానే ఇంటికి చేర్చే ఏర్పాటు ఉండాలి. నాలుగు, కమిటీలో సగం మంది స్త్రీలుండాలి, లెక్కలు అందరి ముందూ చదవాలి. అయిదు, వంటచేసే వాళ్ళకి కూలి ఇవ్వాలి.

లాభం రాకపోవచ్చు. ఆ మాట కుర్రాళ్ళకి ముందే చెప్పండి, తర్వాత నిరాశపడకుండా ఉంటారు. ప్రిన్సిపాల్‌ని కలిసేటప్పుడు అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఆటల ఫీజు ఎంత వసూలైంది, ఆడపిల్లల మీద ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. వెళ్ళేటప్పుడు మీ కూతుళ్ళని కూడా వెంట తీసుకెళ్ళండి. అడగాల్సింది వాళ్ళు, పక్కన నిలబడాల్సింది మనం.