అకామా ముగిసినా హక్కులు ముగియవు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పట్టభద్రుల ఎదుట ఈ స్నాతకోత్సవ వేళ ఉంచదగిన విషయాల్లో, పరాయి దేశంలో నివాసార్హత కోల్పోయి, ఎప్పుడు పట్టుకుని వెళ్లగొడతారో తెలియక బతుకుతున్న మనుషుల స్థితి కన్నా ఈ నేలకు దగ్గరిది మరొకటి లేదు. ఇక్కడి ఎన్నో ఇళ్లలో పిల్లల ఫీజులు, ఆడబిడ్డల పెళ్లిళ్లు, ఇంటి స్లాబు గల్ఫ్ సంపాదనతోనే జరిగాయి. ఆ సంపాదన వెనుక ఉన్న చట్టం మాత్రం ఈ ప్రాంతపు తరగతి గదుల్లోకి దాదాపుగా రాలేదు.

ముందుగా అంతర్జాతీయ చట్టం ఏమంటుందో చూద్దాం. జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం అనే కారణాల్లో ఏదో ఒకదానివల్ల తనకు హింస తప్పదన్న సహేతుకమైన భయంతో స్వదేశం విడిచి, తిరిగి వెళ్లలేని వ్యక్తిని 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం శరణార్థిగా గుర్తిస్తుంది. ఆ గుర్తింపు కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు తిరస్కారానికి గురైతే, ఆ మనిషికి సాధారణంగా ఆశ్రయం కోరిన దేశంలో ఉండే అర్హత పోతుంది, అతడిని బలవంతంగా స్వదేశానికి పంపే అధికారం ప్రభుత్వానికి వస్తుంది. అయితే పాస్‌పోర్టు లేకపోవడం, స్వదేశం స్వీకరించకపోవడం, తీవ్రమైన జబ్బు వంటి కారణాల వల్ల అధికారం ఉన్నా పంపలేని సందర్భాలు అనేకం. అలాంటివారికి జర్మనీ చట్టం ‘డుల్డుంగ్’ అనే పత్రం ఇస్తుంది. అది నివాస అనుమతి కాదు, వెళ్లగొట్టడాన్ని తాత్కాలికంగా ఆపినట్టు తెలిపే కాగితం మాత్రమే. దాన్నే పొడిగించుకుంటూ ఏళ్లు గడిపిన వారి కోసం ఆ దేశం 2022 చివర కొత్త చట్టం తెచ్చి, ఆ ఏడాది అక్టోబరు 31 నాటికి ఐదేళ్లుగా అక్కడ ఉంటున్నవారికి కొన్ని షరతులపై పద్దెనిమిది నెలల నివాస అనుమతి ఇచ్చి, ఆలోగా భాష నేర్చి, సొంత సంపాదనతో నిలదొక్కుకున్నవారు స్థిరపడేందుకు దారి చూపింది.

ఈ చర్చకూ జగిత్యాలకూ సంబంధమేమిటన్న ప్రశ్నకు ఈ ప్రాంత చరిత్రలోనే సమాధానం ఉంది. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు జరిపిన జగిత్యాల జైత్రయాత్ర తరువాత, అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కేసులు, అరెస్టులు, పోలీసు క్యాంపుల నడుమ, ఎదిగిన కొడుకు ఊళ్లో ఉంటే ఎప్పుడేం ముంచుకొస్తుందోనని తల్లడిల్లిన కుటుంబాలు కొన్ని అప్పు చేసి పిల్లలను బొంబాయికి, అక్కడి నుంచి దుబాయికి పంపాయి. ఎండిన బావులు, పని దొరకని మగ్గాలు మరెన్నో కుటుంబాల చేత అదే పని చేయించాయి. ఒకే విమానంలో భయంతో వెళ్లినవారూ, బాకీతో వెళ్లినవారూ ఉన్నారు. ఆ రెండూ ఉన్నవారూ ఉన్నారు. 1951 ఒప్పందం భయాన్ని గుర్తిస్తుంది గానీ ఆకలిని గుర్తించదు. పైగా ఆరు గల్ఫ్ దేశాల్లో ఏదీ, భారతదేశం కూడా, ఆ ఒప్పందంలో చేరలేదు. కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లినవారికి శరణార్థి అన్న పేరు ఎన్నడూ రాలేదు, వీసా గడువు తీరాక మిగిలే అనిశ్చితి మాత్రం తప్పలేదు.

ఆ అనిశ్చితికే ఈ ఊళ్లలో ‘ఖల్లివల్లి’ అని పేరు. గల్ఫ్‌లో విదేశీ కార్మికుడి నివాసార్హత యజమానితో, అంటే ‘కఫీల్’తో ముడిపడి ఉంటుంది, సౌదీలో ఆ అర్హతను చూపే కార్డే ‘అకామా’, దాన్ని పునరుద్ధరించవలసింది యజమానే. నెలల తరబడి జీతం రాని కార్మికుడు ఆ పని వదిలి బయట కూలికి పోతే, పారిపోయాడని యజమాని ఫిర్యాదు నమోదు చేస్తాడు. దాన్ని ‘హురూబ్’ అంటారు. ఆ నమోదుతో చట్టబద్ధంగా వచ్చిన మనిషి అక్రమ నివాసిగా మారే ప్రమాదం ఉంది. పాస్‌పోర్టు తరచుగా యజమాని చేతిలోనే ఉంటుంది, అలా ఉంచుకోవడం అక్కడి చట్టాలకు విరుద్ధమైనా సరే. ఎమిరేట్స్‌లోనైతే గడువు మీరిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా పడుతుంది. ఉండటానికి అర్హత లేదు, పోవడానికి అనుమతి లేదు. జ్వరమొస్తే ఆసుపత్రికి వెళ్లడానికీ జంకే బతుకు అది. పట్టుబడితే నిర్బంధ కేంద్రం, వేలిముద్రలు, పాస్‌పోర్టుకు బదులుగా రాయబార కార్యాలయం ఇచ్చే తిరుగు ప్రయాణ పత్రం ‘ఔట్‌పాస్’, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధం వరుసగా వస్తాయి.

అప్పుడప్పుడు ఆ దేశాలు ప్రకటించే క్షమాభిక్ష ఒక్కటే కొంత ఊరట. సౌదీ 2013లోనూ 2017లోనూ, కువైట్ 2018, 2020, 2024 సంవత్సరాల్లోనూ ఆ అవకాశం ఇచ్చాయి; ఎమిరేట్స్ 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు జరిమానా లేకుండా, నిషేధం లేకుండా స్వదేశానికి వెళ్లేందుకో, స్థితిని సరిచేసుకుని అక్కడే ఉండేందుకో వీలు కల్పించింది. అయితే క్షమాభిక్ష జరిమానాను మాఫీ చేస్తుంది గానీ, యజమాని ఎగ్గొట్టిన జీతాన్ని ఇప్పించదు; తప్పు చేసినవాడు కార్మికుడే అన్న భావన మీద అది నిలబడి ఉంది.

ఆ భావన సరికాదు. వలస కార్మికులందరి హక్కుల రక్షణకు ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించి, 2003లో అమల్లోకి వచ్చిన ఒప్పందంలోని 22వ అధికరణం, బహిష్కరణకు గురయ్యే మనిషికి రావలసిన వేతనాలను వెళ్లేముందో, వెళ్లాకనో తేల్చుకునే అవకాశం ఇవ్వాలని స్పష్టంగా చెబుతుంది. భారతదేశమూ గల్ఫ్ దేశాలూ అందులోనూ చేరలేదు. స్వదేశంలో 1983 నాటి వలస చట్టం ప్రకారం, పదో తరగతి పాసుకానివారు గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతితో వెళ్లినవారి ఒప్పందం నమోదవుతుంది, బీమా వర్తిస్తుంది. ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్లినవారికి ఈ రక్షణలు దక్కవు. చదివినవారికి సాధారణంగా ఆ అనుమతి అక్కర్లేదు గనుక, ఈ రోజు పట్టా అందుకుంటున్నవారిలో చాలామంది ఒప్పంద పత్రాన్ని ఏ అధికారీ ముందుగా పరిశీలించడు. దాన్ని వారే చదువుకోవాలి. చదువు ఒక్కటే కాపాడదనడానికి 2019 జనవరి నిదర్శనం: వీసా మోసాలను పట్టుకునేందుకు అమెరికా ప్రభుత్వమే నెలకొల్పిన నకిలీ ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం కేసులో మొదట నిర్బంధానికి గురైన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువారు.

తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సాయం ప్రకటించడం, వలస కార్మికుల ఫిర్యాదులు స్వీకరించే ‘ప్రవాసీ ప్రజావాణి’ ప్రారంభించడం మంచి అడుగులు. అయితే ప్రాణాలతో ఉండి, ఔట్‌పాస్‌తో, వడ్డీ పెరిగిన అప్పుతో ఇల్లు చేరినవారికి రావలసిన జీతం ఇప్పించే పటిష్ఠమైన వ్యవస్థ ఇంకా ఏర్పడవలసి ఉంది. తిరిగి వచ్చేముందు రాయబార కార్యాలయంలో అధికార పత్రం, అంటే తన తరఫున కేసు నడిపే హక్కును మరొకరికి ఇచ్చే కాగితం, రాసిస్తే ఆ కేసు అక్కడ కొనసాగుతుంది; ఈ చిన్న సంగతి తెలియకనే ఎందరో తమ కష్టార్జితాన్ని వదులుకుని వచ్చారు.

పట్టభద్రులారా, వెళ్లేవారు వీసా రకం, యజమాని పేరు, ఒప్పందంలోని జీతం స్వయంగా చదివి, వాటి నకళ్లు ఇంట్లో ఉంచి బయలుదేరండి. ఇక్కడే ఉండేవారు మీ ఊరి కార్మికుడి అర్జీ రాయండి, అతడి జీతం లెక్కను, ఏజెంటుకు కట్టిన డబ్బు రశీదును భద్రపరచండి. న్యాయశాస్త్రం చదివినవారు 1990 నాటి ఒప్పందంలో భారతదేశం చేరాలని, వెళ్లగొట్టబడినవారి వేతన కేసులకు ఉచిత న్యాయసహాయం అందాలని ప్రజాప్రతినిధులను గట్టిగా అడగండి. నివాసార్హత ఒక ప్రభుత్వం ఇచ్చి, తీసుకునేది. చేసిన పనికి కూలి, మనిషిగా మర్యాద ఏ ప్రభుత్వమూ తీసుకోజాలనివి. ఆ సత్యాన్ని మీ ఊరి చివరి ఇంటిదాకా చేర్చే పనికి మీ చదువును వినియోగించండి.